అక్క పచ్చళ్లు, నా పాన్ కార్డు

నేను గుంటూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. మా దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడిగేది పాన్, ఆ తర్వాత ఆధార్. రోజూ ఆ కార్డులు చూసీ చూసీ, మనిషి కూర్చునేలోపే కార్డు మీద పది గుర్తులూ చదివేయడం అలవాటైపోయింది. మొదట ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం ‘పి’ అయితే వ్యక్తి, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘సి’ అయితే కంపెనీ. వ్యక్తుల కార్డులో ఐదోది ఇంటిపేరులో మొదటి అక్షరం. మా అక్క పాన్‌లోనూ నా పాన్‌లోనూ ఆ ఐదో అక్షరం ఒకటే. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారింది గానీ పాన్ నంబరు మారదు. కార్డు మీద పేరు దిద్దించుకున్నా ఆ అక్షరం మాత్రం పుట్టింటిదే ఉంటుంది.

ఇంత తెలిసినవాణ్ణి, అక్క వ్యాపారానికి నా పాన్ ఇచ్చాను. ఆమె అమ్మే పచ్చళ్ల డబ్బు ఆన్‌లైన్లో వసూలయ్యే ఖాతాకు యజమానిగా నా పేరు రాశాను. తెలియక చేసింది కాదు. తెలిసే చేశాను, పైగా మంచి చేస్తున్నాననుకుని చేశాను. దాని వల్ల అక్కకు ఏం పోయిందో నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. ఇంట్లోవాళ్లకు చెప్పుకున్నాను. ఇక్కడ రాయడం దేనికంటే, అక్క పేరున, భార్య పేరున, తల్లి పేరున జరగాల్సిన పనిని తమ పేరున కానిచ్చేద్దామని వచ్చేవాళ్లు మా ఆఫీసులో తరచూ కనపడుతూనే ఉన్నారు.

అక్క చేతి పచ్చళ్ల గురించి నేను చెబితే తమ్ముడి మాట అంటారు. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప. బావ మిర్చి యార్డులో గుమాస్తా. మంచి కాయ వచ్చినప్పుడు రంగూ ఘాటూ చూసి ఆయనే తెస్తారు. తొడిమలు తీయడం, ఎండబెట్టడం, కారం ఆడించడం, ఆవపిండి కొట్టడం, కలపడం అంతా అక్కే. మొదట్లో వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఫోన్ నంబరుకు డబ్బు వేయించుకునేది. యూపీఐ 2016 ఏప్రిల్ 11న మొదలైంది. ఆ ఏడాది నవంబరులో పెద్దనోట్ల రద్దు తర్వాత ఊళ్లో తోపుడుబండి దాకా వచ్చేసింది. కరోనా వచ్చి వెళ్లేసరికి హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్న మనవాళ్లంతా ఇంటిపచ్చడి పార్శిల్‌కు అలవాటుపడ్డారు. ఆర్డర్లు పెరిగాయి. ఎవరు వేశారో తెలియని డబ్బు ఖాతాలో పడేది. డబ్బు వేశామని కొందరు పంపిన స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ పంపేశాక, అసలు డబ్బే రాలేదని తెలిసేది. కొందరు కార్డు మీద కడతామనేవాళ్లు. ఇవన్నీ చూసి, “వెబ్‌సైట్ పెడదాం అక్కా, పేమెంట్ గేట్‌వే తీసుకుందాం. ఏ ఆర్డరుకు ఏ డబ్బో దానంతట అదే లెక్క చూసుకుంటుంది” అని నేనే చెప్పాను. 2023 దసరాకు ముందు మాట ఇది.

“నాకివన్నీ ఏం తెలుస్తాయిరా, నువ్వే చూడు” అంది.

చూశాను. దరఖాస్తు మొదటి పేజీలోనే ఆగింది. అక్క పాన్ నంబరు కొడితే, అది పనిచేయని పాన్ అని వచ్చింది. 2023 జూన్ 30లోపు ఆధార్‌తో జత చేయని పాన్ కార్డులు జూలై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. అక్కది అందులో ఒకటి. జత చేద్దామని ఆమె ముందే ప్రయత్నించింది, పేర్లు కలవలేదు. పెళ్లికి ముందు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేటప్పుడు తీసుకున్న పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. పెళ్లయి పిల్లలు పుట్టాక తీసుకున్న ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. బ్యాంకు పాస్‌పుస్తకంలో ఆ అత్తింటి పేరు కూడా పొడి అక్షరంగా ఉంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఆమె పేరు చివర ‘కుమారి’ ఉంది, ఆధార్‌లో అది లేదు.

మన ఆడవాళ్లలో నలుగురిని కూర్చోబెట్టి కార్డులు తీయమంటే ఇద్దరి దగ్గరైనా ఇదే వరస కనపడుతుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాచోట్ల పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. కంప్యూటరు ఫారాల్లో దాన్ని చివర పెట్టమంటారు, పూర్తిగా రాయమంటారు. ఒకచోట రాసినట్టు ఇంకోచోట రాయరు. పెళ్లయిన ఆడమనిషికి పేరులో సగం మారుతుంది. ఆ మార్పు ఏ కార్డుకు చేరింది, ఏ కార్డుకు చేరలేదు అనే లెక్క ఏ ఇంట్లోనూ ఉండదు. అక్షరం అక్షరం కలవాలనే పద్ధతి ఇలాంటి పేర్లున్నవాళ్లను ఎంత తిప్పుతుందో రోజూ చూస్తున్నాను. ఆ పద్ధతి మారాలని గట్టిగా అనుకుంటాను. మగవాడి కార్డులు చిన్నప్పటి నుంచి ఒకే పేరుతో సాగిపోతాయి కాబట్టి ఇంట్లో ప్రతి ఖాతాకూ ప్రతి లైసెన్సుకూ అతని కార్డే చేతికొస్తుంది. నేనూ అదే చేశాను. కానీ అక్క కార్డులు సరిచేయడం ఎలాగో తెలియనివాణ్ణి కాదు. ఆ పని చేసి జీతం తీసుకునేవాణ్ణి.

అప్పుడు నా తలలో ఉన్నదల్లా దసరా, దీపావళి ఆర్డర్లు. పేరు దిద్దించి, జత చేయించి, అది మళ్లీ పనిచేసేదాకా ఆగితే పండగలు వెళ్లిపోతాయనిపించింది. “ప్రస్తుతానికి నా పేరున తెరుద్దాం అక్కా, తర్వాత మార్చుకోవచ్చు” అన్నాను. ఆమె సరేనంది. తమ్ముడి పేరైతేనేం, తన పేరైతేనేం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. దరఖాస్తు మళ్లీ తెరిచి నా పాన్ కొట్టాను, వెంటనే పేరు కలిసింది. నా బ్యాంకు ఖాతా ఇచ్చాను. ఖాతా నాదో కాదో తేల్చుకోవడానికి ఒక రూపాయి వేసి, బ్యాంకు దగ్గరున్న పేరుతో పాన్ పేరును పోల్చుకున్నారు. అదీ కలిసింది. చివర్లో ఒక చిన్న గడి ఉంది: ఈ వ్యాపారం నా సొంతమనీ, మరొకరి తరఫున ఈ దరఖాస్తు చేయడం లేదనీ. అందులో టిక్ పెట్టాను. ఆ వాక్యం చదివే పెట్టాను.

ఆ వాక్యం అక్కడికి ఎందుకొచ్చిందో కూడా నాకు తెలుసు. 2002లో చేసిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద రిజర్వ్ బ్యాంకు 2016 ఫిబ్రవరి 25న కేవైసీ ఆదేశాలన్నీ ఒకచోట చేర్చి ఇచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలుసుకుంటే చాలదు, ఆ మనిషి వెనక ఇంకెవరైనా ఉన్నారా, ఈ డబ్బు చివరికి ఎవరిది అన్నది కూడా తేల్చుకోవాలని అందులో ఉంది. వ్యాపారుల తరఫున ఆన్‌లైన్లో డబ్బు వసూలుచేసి వాళ్లకు జమచేసే సంస్థలను పేమెంట్ అగ్రిగేటర్లంటారు. వాటికి 2020 మార్చి 17న విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. వ్యాపారిని చేర్చుకునే ముందు అతని పూర్వాపరాలు చూడాలి. కొనేవాళ్లను మోసం చేసే ఉద్దేశం ఉందేమో, నకిలీ సరుకో అమ్మకూడని సరుకో అమ్ముతున్నాడేమో చూడాలి. సరుకు వాపసు, డబ్బు వాపసు ఎన్నాళ్లలో జరుగుతాయో వెబ్‌సైట్లో రాసి ఉందో లేదో చూడాలి. వసూలైన డబ్బు ఆ సంస్థ తన సొంత ఖాతాలో కలుపుకోకూడదు, షెడ్యూల్డ్ బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. అక్కడి నుంచి వ్యాపారికి చేరాలి.

ఇవన్నీ మా ఆఫీసుకొచ్చే చిన్న వ్యాపారులకు నేనే విడమరిచి చెబుతుంటాను. వాళ్లు విసుక్కుంటే, “ఇది మీ మంచికే అండీ, రేపు మీ పేరుతో ఇంకొకడు దుకాణం తెరిచి జనాన్ని ముంచకుండా” అంటాను. సైబర్ నేరగాళ్లు కమీషన్ ఆశచూపి ఊళ్లలో కుర్రాళ్ల బ్యాంకు ఖాతాలు అద్దెకు తీసుకుంటున్నారని, మోసపోయినవాళ్లు 1930కు ఫోన్ చేసేలోపే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుందని ఉదాహరణలతో చెబుతాను. ఒకరి పేరున ఖాతా, ఇంకొకరి చేతిలో వ్యాపారం. అద్దె ఖాతా బయటికి ఎలా ఉంటుందో మా ఏర్పాటూ అలాగే ఉంది. మా మనసుల్లో దురుద్దేశం లేదు, నిజమే. మనసులో ఉన్నది ఫారంలో కనపడదు కదా.

తర్వాత మార్చుకోవచ్చని అన్నాను. మార్చలేదు. సొమ్ము సక్రమంగా వస్తోంది. గేట్‌వే వాళ్లు నూటికి రెండు రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మినహాయించుకుని మిగతాది నా ఖాతాలో వేసేవాళ్లు. నెలాఖరున లెక్కచూసి, రావలసినదంతా పైసాతో సహా అక్క సేవింగ్స్ ఖాతాకు పంపేవాణ్ణి. ఆ అమ్మకాలు నా రిటర్నులో వ్యాపార ఆదాయంగా చూపించాను. చిన్న వ్యాపారులు పుస్తకాలు రాయకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించుకునే సెక్షన్ 44ఏడీ కింద, డిజిటల్‌గా వచ్చిన వసూళ్లకు 6 శాతం లాభం చూపి పన్ను కట్టాను. అక్క దగ్గర ఆ పన్ను కూడా తీసుకోలేదు. అది నా వంతు సాయమనుకున్నాను. అప్పట్లో నాలో నేను చాలా సంతోషంగా ఉండేవాణ్ణి.

2024 మేలో, సరిగ్గా ఆవకాయ రోజుల్లో, డబ్బు రావడం ఆగిపోయింది. ఆర్డర్లు వస్తున్నాయి, కొన్నవాళ్ల ఖాతాల్లోంచి డబ్బు పోతోంది, మాకు మాత్రం జమకావడం లేదు. సెటిల్‌మెంట్లు హోల్డ్‌లో పెట్టామనీ, పత్రాలు మళ్లీ పరిశీలిస్తున్నామనీ మెయిల్ వచ్చింది. వాళ్లు అడిగింది ఒకటే. సీసా లేబుల్ మీద ఉన్న 14 అంకెల ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు ఒక మహిళ పేరున ఉంది, చెల్లింపుల ఖాతా మరొకరి పేరున ఉంది, వీళ్లలో యజమాని ఎవరు? అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న తయారీదారుకు ఆ రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలే ఉండేది. అక్క దాన్ని వాట్సాప్ రోజుల్లోనే, తనంతట తనే మీసేవకు వెళ్లి, ఆధార్ కార్డు మీద తీసుకుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఆమె పేరున సరిగ్గా ఉన్న కాగితం అదొక్కటే.

నాకు కోపం వచ్చింది. సీజన్లో గొంతుమీద కూర్చున్నారని ఆ సంస్థకు ఘాటుగా రాశాను. అక్క మామిడికాయల వాళ్లకు, నూనె కొట్టుకు బాకీపడింది. నిజానికి వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి ఒక్క వాక్యంలో నిజమైన జవాబు ఉంది: యజమాని మా అక్క. ఆ వాక్యం రాస్తే మళ్లీ మొదటినుంచి రావాలి, కార్డులు సరిచేయాలి, సీజన్ పోతుంది. అందుకని నేను ఇంకో దారి పట్టాను. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నా పేరున కొత్తది తీసుకున్నాను. లేబుళ్లు మార్పించాను. పాత నంబరు ఎందుకు ఆమె పేరున ఉందో సంజాయిషీగా ఇంగ్లీషులో ఒక లేఖ టైపు చేశాను. ఈమె మా సంస్థలో తయారీ పని చూసే ఉద్యోగి అని అందులో రాశాను.

కింద అక్క సంతకం కావాలి. కాగితం తీసుకుని సాయంత్రం వెళ్లాను. పెరట్లో ముక్కలు కలుపుతోంది. మోచేతుల దాకా కారం, నూనె. చేతులు కడుక్కుని, చీరకొంగుకు తుడుచుకుని, నేను వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టింది. కాగితం మీద నూనె మరక పడింది. “చదవనా?” అని కూడా అడగలేదు. “ఇది పెడితే డబ్బొచ్చేస్తుందిగా?” అంది. వచ్చేస్తుందన్నాను. నిజంగానే వచ్చేసింది.

నా అవివేకంలో అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఈ కాగితమే. మిగతావాటికి తొందర, పండగ, సీజన్ అని కారణాలు చెప్పుకోవచ్చు. తన చేత్తో మొదలుపెట్టి తన చేత్తో పెంచుకున్న పనికి ఆమెను జీతగత్తెగా రాసి, ఆమె చేతే సంతకం పెట్టించుకోవడానికి కారణం చెప్పలేను.

అయినా అప్పటికీ నాకు తెలిసిరాలేదు. 2025లో అక్క ముద్ర రుణానికి వెళ్దామంది. కలిపే యంత్రం, పౌచ్‌లు సీల్‌చేసే యంత్రం కొనాలని. భుజం నొప్పి ఎక్కువైంది, మణుగులకొద్దీ చేత్తో కలపలేకపోతోంది. ముద్రలో 50 వేల పైన 5 లక్షల దాకా కిశోర్ అంటారు, తాకట్టు అక్కర్లేదు. కాగితాలన్నీ సర్ది ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. మేనేజరుగారు మర్యాదస్తుడు. అక్క సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని ఒక్కో లైనూ కిందికి చూసుకుంటూ వచ్చారు. నెలకొకటి చొప్పున జమలున్నాయి, అన్నిటికీ ఎదురుగా నా పేరే ఉంది. ఒక్కో జమ దగ్గర చిన్న టిక్ పెట్టుకుంటూ వెళ్లారు. ఆఖరి పేజీ అయ్యాక పెన్సిల్ పక్కనపెట్టి అక్క వైపు చూసి, “మీ తమ్ముడుగారు మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారమ్మా. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?” అన్నారు. ఆయన మనస్ఫూర్తిగా అన్నారు.

అక్క ఏమీ అనలేదు. నా వైపు చూడలేదు కూడా. బల్ల మీద పెట్టిన ఫైలు తాడు ముడి విప్పి మళ్లీ వేసింది.

“అది వ్యాపారం డబ్బండీ, అక్క సంపాదనే” అన్నాను. “మరి అమ్మకాలు ఎవరి ఖాతాలో పడ్డాయి? రిటర్ను ఎవరు వేశారు?” అన్నారు. రెంటికీ జవాబు నేనే. “ఆవిడ పేరున వ్యాపారం ఉన్నట్టు కాగితం ఏముంది?” అన్నారు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండేది, దాన్ని నా పేరుకు మార్చింది నేనే. “అయితే మీరే అప్లై చేయండి సార్, మీకు వస్తుంది” అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. కాగితాల ప్రకారం వ్యాపారం నాది. అక్కకు వ్యాపారం లేదు, ఆదాయం లేదు, నెలనెలా తమ్ముడు పంపే డబ్బుతో బతుకుతున్న గృహిణి.

బయటికొచ్చాక ఆటో ఎక్కేముందు అడిగింది. “ఒరేయ్, ఆయన నన్ను నీమీద ఆధారపడి ఉన్నదాన్ని అనుకున్నాడా?”

“అవునక్కా.”

“నీకు ఇది ముందే తెలుసా?”

ఆదాయ పన్ను చట్టంలో తోబుట్టువులిచ్చే డబ్బు కానుక కింద లెక్క, దానికి పన్ను ఉండదు. నేను పంపిన ప్రతి పైసా అలా కానుకగానే కనపడుతుందని నాకు తెలుసు. పన్ను వైపు నుంచి ఇబ్బంది లేదని సంతోషించాను కూడా. ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడలేదు. ఆ మాటే చెప్పాను. పాత సంతకం కాగితం సంగతి కూడా ఆ రోజే చెప్పాను, అందులో ఏం రాశానో తెలుగులో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది ఇంతే: “నన్ను ఓసారి అడగాల్సిందిరా.”

ఇప్పుడు చేసిన పనులు, 2023లోనే చేయాల్సినవి. ముందు ఏ ఇంటిపేరు ఉంచుకోవాలో ఆమెనే తేల్చుకోమన్నాను. పిల్లల సర్టిఫికెట్లలో తల్లి పేరు అత్తింటిదిగా ఉంది కాబట్టి దాన్నే ఉంచి పాన్‌ను దిద్దించుకుంటానంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకని దాన్ని కదపకపోవడమే మంచిదయింది. పెళ్లి తర్వాత మారిన పేరుకు ఆధారం కావాలి. వాళ్ల పెళ్లి రిజిస్టరు కాలేదు. పాన్‌లో పేరు మార్పుకు పెళ్లి సర్టిఫికెట్ లేకపోతే శుభలేఖ కూడా తీసుకుంటారు. అమ్మ పాత ట్రంకుపెట్టెలో వెతికితే ఒకటి దొరికింది. పసుపు రాసిన మూలలు గోధుమరంగుకు తిరిగాయి గానీ రెండు ఇంటిపేర్లూ స్పష్టంగా ఉన్నాయి. దాంతో పేరు మారింది. 1000 రూపాయల రుసుము కట్టి పాన్, ఆధార్ జతచేశాం. కొన్నాళ్లకు పాన్ మళ్లీ పనిచేయడం మొదలైంది. ఇన్నేళ్లుగా కొండంత పనిగా కనపడింది ఇది.

తర్వాత ఉద్యం రిజిస్ట్రేషన్. 2020 జూలై 1 నుంచి ఉన్నదది, పైసా ఖర్చులేదు, యజమాని ఆధార్, పాన్ చాలు. దాని పేరుతో వేలు వసూలుచేసే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్లోనే చేసుకోవాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మళ్లీ అక్క పేరున. సొంత వ్యాపార సంస్థ పేరున కరెంట్ అకౌంటు తెరవాలంటే మామూలుగా వ్యాపారానికి రుజువులు రెండు అడుగుతారు, ఈ రెండూ చాలాయి.

ఆ ఖాతాకు వీడియో కేవైసీ చేశారు. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో అనుమతించిన పద్ధతి ఇది. బ్యాంకు ఉద్యోగి ఎదురుగా ఉండి మాట్లాడాలి, అసలు పాన్ కార్డు చూపించాలి, మనిషి దేశంలోనే ఉన్నట్టు లొకేషన్ నమోదవుతుంది, ముందే నేర్చుకుని చెప్పే వీల్లేకుండా అప్పటికప్పుడు ప్రశ్నలు వేస్తారు. నేను పక్కన కూర్చోబోతే అక్క నన్ను బయటికి వెళ్లమంది. వసారాలో నిలబడితే మాటలు వినపడుతూనే ఉన్నాయి. కార్డు వెలుతురుకు తిప్పమన్నారు, పుట్టినతేదీ అడిగారు. ఏం వ్యాపారమమ్మా అని అవతలి అమ్మాయి అడిగింది. పచ్చళ్లు అంది అక్క. ఎక్కడ తయారుచేస్తారు, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, నెలకు ఎంత అమ్ముతారు? అక్క ఏ ప్రశ్నకూ తడుముకోలేదు. కాయ ఏ తోటలది, మిరప ఏ రకం, సీజన్లో ఎంత, మిగతా నెలల్లో ఎంత, పార్శిల్‌కు ఏ ఊరికి ఎంత పడుతుంది, అన్నీ చెప్పుకుపోయింది. నేను నా పేరున దరఖాస్తు చేసిన రోజున ఇవే ప్రశ్నలు నన్ను అడిగి ఉంటే సగానికి పైగా జవాబులు నా దగ్గర లేవు. ఇన్నాళ్లూ పరిశీలన అంటే కార్డులో పేరు కలవడమనే అనుకున్నాను. పని తెలిసిన మనిషి ఎవరో ఆ కొద్ది నిమిషాల్లో ఆ అమ్మాయికి తెలిసిపోయి ఉంటుంది.

గేట్‌వే ఇప్పుడు అక్క పేరున ఉంది. పాత సంస్థకు జరిగింది రాసి, నా ఖాతా మూయించుకున్నాను. ఉద్యోగి అని రాసిన ఆ లేఖ తప్పని కూడా రాసిచ్చాను. పాస్‌వర్డులు, మెయిల్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు అన్నీ ఆమెవే. డబ్బు జమైనప్పుడల్లా మెసేజ్ ఆమె ఫోన్‌కు వస్తుంది.

మార్చలేనిది ఒకటి మిగిలింది. ఆ గడిచిన ఏళ్ల రిటర్నులు నా పేరునే ఉన్నాయి. అప్‌డేటెడ్ రిటర్ను అని ఒక వెసులుబాటు ఉంది గానీ, దాంట్లో ఆదాయం పెంచి చూపించవచ్చు, తగ్గించడానికి వీల్లేదు. కాబట్టి ఆ అమ్మకాలు ఎప్పటికీ నావిగానే ఉంటాయి. అక్క వ్యాపారానికి చరిత్ర ఇప్పుడు మొదలవుతోంది. ఆమె పేరున ఐటీఆర్-4 వేసి, కొత్త ఖాతాలో కొంతకాలం అమ్మకాలు కనపడ్డాకే రమ్మన్నారు మేనేజరుగారు. సీల్‌చేసే యంత్రం డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని కొనుక్కుంది. కలిపే యంత్రానికి ఆ అప్పు చాలలేదు. భుజం నొప్పికి మాత్రలు వేసుకుంటూ చేత్తోనే కలుపుతోంది. ఆ యంత్రం డబ్బు నేను పెడతానన్నాను, వద్దంది. ఎందుకు వద్దందో నాకు తెలుసు గనక రెండోసారి అడగలేదు.

మా ఆఫీసుకు ఇప్పుడూ వస్తుంటారు. భార్య టైలరింగ్ షాపుకు, తల్లి మెస్సుకు, చెల్లెలు కేకుల వ్యాపారానికి క్యూఆర్ కోడో గేట్‌వేనో కావాలని తమ పాన్ బల్ల మీద పెడతారు. “ఆవిడ కార్డులో ఏదో తేడా ఉందండీ, నా దాంతో కానిచ్చేయండి” అంటారు. కానిచ్చేయడం సులువే, పావుగంట పని. మా ఆడిటర్‌గారితో మాట్లాడుకుని అలాంటివి తీసుకోవడం మానేశాం. కొందరు నొచ్చుకుని ఇంకో ఆఫీసుకు వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకు మాత్రం ఒక్కటే చెబుతున్నాను: ఆవిణ్ణే రమ్మనండి. పాన్, ఆధార్ ఒరిజినల్స్, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌పుస్తకం తెచ్చుకోమనండి. ఇంట్లో పెళ్లి శుభలేఖ దొరికితే అదీ తెమ్మనండి.